బాగుచేయిద్దామా, వదిలించుకుందామా

సెకండ్ హ్యాండ్ కారు కొన్న మనిషికి మొదటి నెలలో రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఒకటి బండి వేసేది, రెండోది బంధువులు వేసేది. బండి వేసిన ప్రశ్నకు షెడ్డులో ఏదో ఒక జవాబు దొరుకుతుంది. "ఎంత పెట్టావు? అంతా? నన్నొక మాట అడిగుంటే ఇంకా తక్కువకే ఇప్పించేవాణ్ణిగా!" అన్నదానికి మాత్రం ఎక్కడా దొరకదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికే చాలామంది బండి మీద ఇంకో ముప్పాతిక లక్ష పోస్తారు. అదే వచ్చిన చిక్కు.

ఒక మనిషిని ఊహించుకుందాం. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఒక ఊరు. నాలుగెకరాల సొంతం, ఇంకో మూడు కౌలు, మిర్చీ పత్తీ. మిర్చి రేటు బాగున్న ఏడు దాచిన డబ్బుతో గుంటూరులో బ్రోకరు ద్వారా 2013 మోడల్ డీజిల్ కారు రెండు లక్షల అరవై వేలకు కొన్నాడు. నెల తిరక్కుండానే సైలెన్సరు నుంచి నీలం పొగ మొదలైంది. వారం వారం ఇంజనాయిలు తగ్గిపోతోంది. షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రీ పొగ చూసి, ఆయిలు మూత తీసి చూసి చెప్పాడు: "రింగులు పోయినట్టున్నాయన్నా. ఇంజను దించాల్సిందే. డెబ్బై అయిదు అనుకో. దించి బోరు చూస్తేగానీ ఖాయంగా చెప్పలేం."

ఉన్నది ఉన్నట్టు అమ్మితే లక్షన్నర వస్తుందన్నారు. మనవాడి నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "రెండు అరవై పోసి కొన్న బండిని లక్షన్నరకి ఎట్టా వదులుకుంటాం?"

మన వేదనంతా ఈ మాటలోనే ఉంది, మన పొరపాటూ ఇందులోనే ఉంది. రెండు అరవై అనేది ఇప్పుడు బండిలో లేదు. అమ్మినవాడి జేబులో ఉంది. ఇంజను దించినా, దించకపోయినా, బండిని ఎవరికి అమ్మినా అది తిరిగి రాదు. అయినా నిర్ణయం తీసుకోవడానికి కూర్చుంటే మన పక్కన ముందుగా వచ్చి కూర్చునేది ఆ అంకే.

ఇది మన ఒక్కళ్ళ బలహీనత కాదు. హాల్ ఆర్కెస్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1985లో ఒక పరిశోధన అచ్చువేశారు. అమెరికాలో ఒహాయో యూనివర్సిటీ నాటకశాలలో సీజన్ టికెట్ 15 డాలర్లు. కొనడానికి వచ్చినవాళ్ళలో కొందరికి పూర్తి ధరకే ఇచ్చారు, ఇంకొందరికి 2 డాలర్లు, మరికొందరికి 7 డాలర్లు తగ్గించారు. ఎవరికి ఏ ధర అన్నది లాటరీ పద్ధతే. నాటకాలు అవే, కుర్చీలు అవే. సీజను మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా చెదిరిపోయింది. మొదటి ముక్క అందరూ చెబుతారు. నాకు రెండోదే ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. పెట్టిన డబ్బు తాలూకు సలుపు కొన్నాళ్ళకు పలచబడుతుంది. అంటే సలుపు ముదిరి ఉన్న వారంలో ఇంజను దించమని చెప్పనూ కూడదు, దొరికిన రేటుకు అమ్మేయనూ కూడదు.

అమ్మేయనూ కూడదని ఎందుకంటున్నానంటే, ఈ జబ్బుకు రెండో ముఖం ఒకటుంది. కొందరు మొండికేసి డబ్బు పోస్తూనే ఉంటారు. మరికొందరు ఉడుకుమోత్తనంతో "ఆ బండి నా గుమ్మంలో కనపడటానికి వీల్లేదు" అని రెండో రోజే సగం ధరకు తోలేస్తారు. చూసేవాళ్ళకు వీళ్ళు తెగింపున్న మనుషుల్లా కనిపిస్తారు. నిజానికి ఇద్దర్నీ నడిపేది ఆ రెండు అరవయ్యే. ఒకడు దాన్ని కాపాడుకోబోతున్నాడు, ఇంకొకడు దాని మీద కసి తీర్చుకుంటున్నాడు.

మిర్చి వేసే ప్రాంతపు రైతుకు ఈ పాఠం కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 సీజనులో గుంటూరు, ప్రకాశం మిర్చి చేలల్లోకి నల్ల తామర పురుగు దిగింది. పూతలోనే చేరి పిందె నిలవనివ్వలేదు. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. అప్పటికే విత్తనానికి, నారుకు, కౌలుకు, ఎరువులకు పెట్టుబడి పోసి ఉన్నారు. "ఇంత పెట్టాక ఇంకొక్క మందు కొట్టకుండా ఎట్టా?" అని కొట్టినవాళ్ళున్నారు. చేను పీకేసి, మిగిలిన కాలానికి వేరే పైరు చూసుకున్నవాళ్ళూ ఉన్నారు. పీకినవాళ్ళ కడుపు మండలేదని కాదు. పెట్టిన దాన్ని పక్కనపెట్టి, ఇక మీదట పెట్టేదానికి ఏమొస్తుందో లెక్క చూసుకున్నారు. చేలో ఇంత కఠినంగా లెక్క వేయగలిగిన మనిషి కారు దగ్గర ఎందుకు వేయలేడు? చేనుకు తెగులొస్తే ఊరందరికీ వస్తుంది, ఎవరూ నవ్వరు. కారుకు వస్తే మన ఒక్కడికే వస్తుంది.

సరే, లెక్కకు వద్దాం. పైన చెప్పిన బండిని ఉన్నది ఉన్నట్టు అమ్మితే లక్షన్నర. ఇంజను పని చేయించాక బజార్లో రెండు ముప్పై పలుకుతుందనుకుందాం. 75 వేలు పెట్టి రెండు ముప్పైకి అమ్మితే చేతికి మిగిలేది లక్షా యాభై అయిదు. అంటే ఇంత తిరుగుడూ అయిదు వేల కోసం. "దించి బోరు చూస్తేగానీ" అన్న మాట నిజమై ఖర్చు లక్షా పదికి పోతే మిగిలేది లక్షా ఇరవై. ఉన్నపళాన అమ్మినదానికంటే ముప్పై వేలు తక్కువ. పైగా ఆ 75 వేలు ఇంట్లో లేక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడా, నెలకు 1,500 అదనం. మిర్చి రేటు పడిన ఏట ఆ 1,500 కూడా బరువే. 2023లో క్వింటా 20 వేలు దాటడం చూసిన రైతులకు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యపు పథకం కింద ఖరారు చేసిన ధర 11,781 రూపాయలు.

అదే బండిని తానే నడుపుకుందామనుకుంటే లెక్క తిరగబడుతుంది. అమ్మకుండా వదులుకునే లక్షన్నర, పెట్టే 75 వేలు, కలిపి రెండు పాతిక. ఆ డబ్బుకు ఇంజను పని కొత్తగా అయిన బండి తన చేతిలో ఉంటుంది. లోపల ఏ రింగు మార్చారో, ఏ బేరింగు వేశారో తన కళ్ళతో చూసి ఉంటాడు. అదే రెండు పాతిక పట్టుకుని మళ్ళీ బజారుకు వెళ్తే దొరికేది ఇంకో తెలియని బండి. దాని పొగ ఎప్పుడు మొదలవుతుందో ఎవరికెరుక?

దీని వెనుక పెద్ద ఆర్థిక సూత్రమే ఉంది. జార్జ్ ఏకర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు. 2001లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. ఆయన చెప్పింది స్థూలంగా ఇది: బండి లోపలి సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు ప్రతి బండినీ అనుమానంగానే చూసి తక్కువకు అడుగుతాడు. మంచి బండి ఉన్నవాడికి ఆ ధర గిట్టక బజారుకే రాడు. చివరికి బజార్లో మిగిలేవి ఎక్కువగా లోపమున్న బళ్ళే. దీన్నుంచి మనవాడు తీసుకోవాల్సింది ఒకటుంది. అతను 75 వేలు పెట్టి ఇంజను చేయించినా కొనేవాడు నమ్మడు, "ఏదో పైపైన చేయించి అంటగడుతున్నాడు" అనుకుంటాడు. చేయించిన పనికి విలువ ఇచ్చేది దాన్ని చూసినవాడొక్కడే. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: పెద్ద పని నడుపుకోవడానికైతేనే చేయించాలి, అమ్మడానికి చేయించకూడదు.

అయితే నడుపుకోవాలా వద్దా అనేది కారు చెప్పదు, మన బతుకు చెబుతుంది. ఇంట్లో డయాలిసిస్‌కు గుంటూరు తీసుకెళ్ళాల్సిన పెద్దవాళ్ళున్నారా? చంటిపిల్లలున్నారా? లేక పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తీసేదేనా? నెలకు రెండుసార్లు బయటికి తీసే బండికి ఇంజను దించడం కన్నా ఆ రెండుసార్లూ కిరాయి కారు పెట్టుకోవడం చవక. గుంటూరు–పర్చూరు రోడ్డు మీద బస్సులు ఎటూ ఉన్నాయి. ఈ ప్రశ్న కొనకముందే వేసుకోవాల్సిందనుకోండి. మనలో ఎక్కువమంది కారు ముందు కొని, అవసరం తర్వాత వెతుక్కుంటాం.

పని చేయించాలని తేల్చుకున్నా, ఇంజను దించకముందు చేయాల్సినవి ఉన్నాయి. పొగ రంగును బట్టి జబ్బు కొంత తెలుస్తుంది. నీలమైతే ఆయిలు మండుతోంది, నలుపైతే డీజిలు ఎక్కువ పడుతోంది లేదా గాలి చాలట్లేదు, తెల్లగా ఆగకుండా వస్తే కూలెంటు లోపలికి దిగుతుండొచ్చు. నీలం పొగ కూడా ప్రతిసారీ రింగులదే కానక్కర్లేదు, టర్బో సీలు పోయినా వస్తుంది. ఆ రెంటికీ ఖర్చులో చాలా తేడా. ఇంజను విప్పకుండానే కంప్రెషన్ చూపించుకోవచ్చు. ఇంకో షెడ్డులో రెండో మాట అడగొచ్చు. మొదటి మేస్త్రీకి కోపం వస్తుందని మొహమాటపడి వేలు పోగొట్టుకునేవాళ్ళు మన దగ్గర తక్కువేం లేరు. ఈ లోపు బండి నడపకుండా నీడన పెట్టాలి. ఆయిలు తగ్గిన ఇంజనును అలాగే తోలితే పట్టేసి, 75 వేల పని లక్షన్నర పనవుతుంది.

హద్దు కూడా అప్పుడే గీసుకోవాలి. ఇంజను నేల మీద ముక్కలుగా పడి ఉన్నప్పుడు ఆలోచిద్దామంటే కుదరదు. విప్పిన బండిని తుక్కు ధరకే అడుగుతారు, ఆ సంగతి అందరికంటే ముందు షెడ్డువాళ్ళకు తెలుసు. "లక్ష దాటితే వద్దు" అని కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి చూపించిన మనిషి, షెడ్డులో ఒక్కడే నిలబడి తలూపే మనిషి కన్నా గట్టివాడు.

కొన్ని బళ్ళ దగ్గర ఇంత ఆలోచన కూడా అనవసరం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కార్లు మునిగిపోయాయి. మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మితే పైకి మెరుస్తూనే ఉంటుంది. సీటు పట్టాల కింద తుప్పు, తివాచీ కింద ఎండిన బురద, వర్షం రోజు లోపల ముక్కవాసన కనిపిస్తే అది నీళ్ళు తాగిన బండేనని అనుమానించండి. వైర్లలోకి తేమ దిగిన బండికి రిపేరు ఈ నెల లైట్లతో మొదలై వచ్చే నెల ఏ సెన్సరుకో పోతుంది, తెమలదు. వదిలించుకోండి. విడిభాగాల సంగతీ చూడాలి. భారత్‌లో షెవర్లే అమ్మకాలు 2017 చివరితో ఆగిపోయాయి, అలాంటి బండికి సామాను దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసింది గానీ అవి ఊరూరా తిరుగుతున్నాయి కాబట్టి సామానుకు ఇబ్బంది లేదు. ఇక 2013 బండికి 2028లో పదిహేనేళ్ళు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ రుసుము 600 నుంచి 5,000 అయింది. ఇవాళ పెట్టే రూపాయి ఎన్నేళ్ళు నడుస్తుందో లెక్క కట్టేటప్పుడు ఇది కూడా కలుపుకోవాలి.

లెక్కలన్నీ అయ్యాక మిగిలేది పరువు. బావమరిది ముందు ఓడిపోయినట్టవుతుందన్న బాధ లెక్కకు లొంగదు. దానికి నేను చూసిన మందు ఒక్కటే, సంగతి ముందుగా మనమే చెప్పేయడం. "కొన్నాను, దెబ్బ తిన్నాను, ఇంతకి వదిలేశాను" అని మనమే నవ్వుతూ అంటే ఎదుటివాడికి అనడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఈ మూడు ముక్కలు తడబడకుండా అనగలిగిన రోజు బండి మీద తీసుకునే నిర్ణయమే కాదు, కౌలు మీదా, పిల్లల చదువు మీదా తీసుకునే నిర్ణయాలు కూడా తేలికవుతాయి. వ్యక్తిత్వ వికాసం అని మనం తరగతులకు వెళ్ళి నేర్చుకునేది చాలావరకు ఇదే.

అమ్మేటప్పుడు ఇంకో పరీక్ష ఎదురవుతుంది. చిక్కటి ఆయిలు పోసి పొగ నాలుగు రోజులు కనపడకుండా చేయొచ్చని చెప్పేవాళ్ళు దొరుకుతారు. మనల్ని అలాగే మోసం చేశారుగా అన్న సమర్థింపూ సిద్ధంగా ఉంటుంది. మన మీద పడిన మోసాన్ని ఇంకో ఊరి రైతు నెత్తిన పెట్టడం నష్టం పూడ్చుకోవడం కాదు. రింగుల సంగతి చెప్పి, షెడ్డువాళ్ళు రాసిచ్చిన అంచనా చూపించి లక్షన్నర అడగండి. అలాంటి బండి కోసమే చూసే మెకానిక్కులు ఉంటారు, వాళ్ళకు ఆ పని మనకంటే చవగ్గా అవుతుంది.

కాగితాల దగ్గర మాత్రం ఎవరి మాటా వినొద్దు. ఎలాగూ అమ్మేసే బండేగదా అని పేరు మార్పించుకోకుండా, పాత ఓనరు సంతకం చేసిన 29, 30 నంబరు ఫారాలను అలాగే ఇంకొకడి చేతిలో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ల కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరుందో ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్ళదే అంది. ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లోగా కొన్నవాడి పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. మీరు బండి బాగుచేయించుకున్నా, అమ్మినా, ఈ వారంలోనే సీ బుక్కు బయటికి తీసి అందులో ఎవరి పేరుందో ఒకసారి చూడండి.