మర ఎక్కడ పెట్టాలి?

ఆ ఊరి ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. పిండి, కారం పట్టే మర కొనాలనుకున్నారు. బ్యాంకు అప్పు ఇస్తానన్నది. మర ఎక్కడ పెట్టాలి? అక్కడే పేచీ వచ్చింది.

"మా వసారాలో పెట్టండి. అద్దె ఇవ్వక్కర్లేదు" అన్నది ఒక పెద్దామె.

"పక్కనే బడి ఉంది కదా అత్తా! కారం ఘాటుకు పిల్లలు దగ్గుతారు" అన్నది ఇంకొకామె.

పెద్దామెకు కోపం వచ్చింది.

చదువు చెప్పే అమ్మాయి ఇలా చెప్పింది:

"చక్కెర ఫ్యాక్టరీ చెరకు తోటల దగ్గర ఎందుకు పెడతారు? 100 కిలోల చెరకు ఆడితే సుమారు 10 కిలోల చక్కెర వస్తుంది. అంత బరువు దూరం మోస్తే కిరాయి దండగ. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ సముద్రం దగ్గర ఉంది. దానికి కావలసిన బొగ్గు చాలావరకు ఓడల్లో వస్తుంది. మన మర సంగతి వేరు. 10 కిలోలు పోస్తే దాదాపు 10 కిలోలూ వస్తాయి. గింజలు తెచ్చేదీ, పిండి తీసుకుపోయేదీ మనుషులే. కాబట్టి మనుషులు వచ్చే చోటు చూడాలి."

నేల మీద ముగ్గుతో గడులు గీశారు. మూడు చోట్లు, నాలుగు విషయాలు. ఒక్కో గడిలో 5 దాకా చింతగింజలు పెట్టాలి. ఎంత మంచిదైతే అన్ని గింజలు. జనం రావడం అన్నిటికన్నా ముఖ్యం. ఆ గింజలను రెండింతలు లెక్కపెట్టాలి.

వసారా గడి వచ్చింది. 'ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేదు' అన్న చోట గింజలు పెట్టాలి. పెద్దామె మనవడు ఆ బడిలోనే చదువుతున్నాడు. ఆమె ఒక్క గింజ కూడా పెట్టలేదు.

లెక్క ఇలా తేలింది:

వసారా: జనం రాక 8, త్రీ ఫేజు కరెంటు 1, తక్కువ అద్దె 5, ఇబ్బంది లేకపోవడం 0. మొత్తం 14.

బస్సు స్టాపు కొట్టు: 10, 5, 1, 3. మొత్తం 19.

ఊరవతల పాక: 2, 4, 4, 5. మొత్తం 15.

కొట్టు గెలిచింది. కానీ దాని అద్దె నెలకు 1,500 రూపాయలు. పట్టిన ప్రతి కిలోకు 2 రూపాయలు అద్దెకని తీసిపెట్టాలి. అంటే నెలకు 750 కిలోలు, రోజుకు 25 కిలోలు పట్టాలి. అంత గిరాకీ ఉందా? ఇంటింటికీ వెళ్ళి అడిగారు. రోజుకు 40 కిలోల పైనే తేలింది. పంచాయతీ అనుమతి తీసుకున్నారు. ఆ తరువాతే అప్పు కాగితం అందుకున్నారు. పెద్దామె వేలిముద్ర వేయలేదు. సంతకం చేసింది.

ఆలోచించండి

1. అద్దె లేని చోటు ఎప్పుడూ లాభమేనా?
2. మీ ఊళ్ళో కోళ్ళ ఫారం పెట్టాలంటే ఏ చోటు మంచిది? ఎందుకు?
3. అద్దె 900 రూపాయలైతే, కిలోకు 2 రూపాయల చొప్పున నెలకు ఎన్ని కిలోలు పట్టాలి?