శిశువు బెంగయు మాలిమియు



ప్రతి సంవత్సరము జూన్ మాసమున మన చిక్కడపల్లి, అశోక్‌నగరు ప్రాంతముల శిశు తరగతుల వాకిట నొక దృశ్యము కానవచ్చును. ఒక బిడ్డ తల్లి కొంగు విడువక యేడ్చును. మరియొక బిడ్డ వెనుదిరిగి చూడకయే లోనికి పోవును. మొదటి బిడ్డకు గారాబ మెక్కువయనియు, రెండవ బిడ్డ బుద్ధిమంతుడనియు చూచువారందురు. వృత్తిలో చేరిన క్రొత్తలో నేనును అట్లే తలచి, యొక తల్లిని మందలించితిని. అది తొందరపాటని శాస్త్రము చదివిన పిమ్మట తెలిసికొంటిని.

పాలిచ్చుటచేతనే బిడ్డకు తల్లి మాలిమి యగునని పూర్వ మనేకులు నమ్మిరి. అమెరికాలో హార్లో అను పండితుడు కోతిపిల్లలకు రెండు బొమ్మతల్లులను చేసి పెట్టెను. ఒకటి పాలసీసా గల తీగబొమ్మ. రెండవది పాలు లేని మెత్తని గుడ్డబొమ్మ. పిల్లలు పాలకు మాత్రమే తీగబొమ్మను చేరి, తక్కిన కాలమంతయు గుడ్డబొమ్మనే కౌగిలించుకొని యుండెనని అతడు 1958లో ప్రకటించెను. ఆకలి తీరుట వేరు, ఆశ్రయము దొరకుట వేరని దీనివలన తేలినది.

ఇంగ్లండులో జాన్ బౌల్బీ తల్లిని బాసిన పిల్లల స్థితిని గూర్చి 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక వ్రాసెను. అతని సహచరుడు రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో ఎనిమిది దినము లుండిన రెండేండ్ల బాలిక బెంగను 1952లో చలనచిత్రముగా చూపెను. రోగిపిల్లల యొద్ద తల్లులను ఉండనిచ్చు మార్పునకు ఇట్టి కృషి తోడ్పడెను.

మేరీ ఐన్స్‌వర్త్ 1954లో ఉగాండా దేశమునకు పోయి, అచ్చటి పల్లెయిండ్లలో తల్లీబిడ్డలను పరిశీలించెను. తరువాత అమెరికాలోని బాల్టిమోరు నగరమున 26 కుటుంబములను ఎన్నుకొని, శిశువు మొదటి యేడంతయు మూడు వారముల కొకసారి పోయి, ప్రతిసారి సుమారు 4 గంటలు గమనించు నేర్పాటు చేసెను. పిమ్మట ఏడాది బిడ్డల కొక పరీక్షను కల్పించెను. ఆటవస్తువులు గల క్రొత్త గదిలో తల్లీబిడ్డ లుందురు. క్రొత్త మనిషి వచ్చును. తల్లి కొన్ని నిమిషములు వెలుపలికి పోయి మరల వచ్చును. ఇట్లు రెండు మారులు. మొత్తము సుమారు 20 నిమిషములు. బిడ్డ మిక్కిలి యేడ్చినచో ఎడబాటును తగ్గింతురు.

ఇందు ముఖ్యముగా చూడవలసినది ఎడబాటునాటి కన్నీరు కాదు, తల్లి తిరిగి వచ్చినప్పటి నడవడి. కొందరు తల్లిని చేరి, ఊరడిల్లి, మరల ఆటకు పోవుదురు. వీరిది నిబ్బరమైన బంధము. కొందరు మొగము త్రిప్పుకొందురు. కొందరు చంక కెక్కియు కోపము తీరక తన్నుకొందురు. ఏ తీరునకును చెందక తికమకపడు వారిని తరువాతి పండితులు నాలుగవ తరగతిగా చేర్చిరి. బిడ్డ పిలుపునకు వెంటనే తగురీతిని బదులు పలుకు తల్లుల బిడ్డలే ఎక్కువగా నిబ్బరముగా నుండిరి. మొగము త్రిప్పుకొను బిడ్డల గుండె కొట్టుకొనుటను కొలిచినపుడు, వారికిని లోన కలత కలదని తెలిసినది. ఏడ్వనంత మాత్రమున బెంగ లేదనరాదు.

అయినను ఈ పరీక్ష సర్వదేశములకు ఒకే త్రాసు కాదు. 1988లో ఇద్దరు డచ్చి పండితులు 8 దేశముల ఫలితములను పోల్చిరి. అందు మన దేశము లేదు. దేశమునకు దేశమునకు నడుమ కంటె ఒకే దేశములోని సమూహముల నడుమ భేద మెక్కువగా కనబడెను. బిడ్డను ఒంటరిగా విడుచు నలవాటు లేని ఇండ్ల బిడ్డకు కొన్ని నిమిషముల ఎడబాటే పెద్ద భయము. మన ఇండ్లలో అమ్మమ్మ, నాయనమ్మ, అక్క కూడ బిడ్డను పెంతురు. బిడ్డకు ఒకరికంటె ఎక్కువమంది మాలిమి కావచ్చును. కావున తల్లి పనికి పోవుచున్నదని మాత్రమే ఆమెను నిందింపరాదు.

మీలో చెల్లెండ్రను, తమ్ములను ఎత్తుకొని ఆడించువారు కలరు. బిడ్డను విడిచి పోవలసినపుడు చాటుగా తప్పించుకొనక, చెప్పి పోయి, చెప్పిన వేళకు తిరిగి రండు. వాకిట నేడ్చు బిడ్డను చూచి తీర్పు చెప్పకుడు. సాయంకాలము తల్లి వచ్చువరకు ఆగి, ఆ బిడ్డ మొగము చూడుడు.