యువ క్రీడాకారుల నడుము నొప్పి – కైరోప్రాక్టిక్ చికిత్స

తెలుగువారు నడుము నొప్పి అన్నా, ఉర్దూ మాట్లాడేవారు కమర్ దర్ద్ అన్నా బాధ ఒక్కటే. మన చీరాల ప్రాంతానికి ఇది క్రొత్తది కాదు. గుంట మగ్గంలో కాళ్లు దించి, ప్రొద్దున్న మొదలు ప్రొద్దుగ్రుంకే వరకు ముందుకు వంగి కూర్చునే నేతపనివారికి దీనిని గూర్చి ఎవరూ చెప్పనక్కరలేదు. అందువలననే కాబోలు, పదహారేండ్ల పిల్లవాడు చెడుగుడు ఆడి వచ్చి నడుము పట్టిందంటే, పెద్దలు అది తమ నొప్పి వంటిదేనని తలచి, కాస్త నూనె రాసి ఊరుకుంటారు. ఈ పోలిక సరియైనది కాదు. పెద్దల నడుము వేరు, ఎదిగే వయస్సులోని నడుము వేరు.

అమెరికాలోని బోస్టన్ నగరంలో వైద్యులు నడుము నొప్పితో వచ్చిన నూరుమంది యువ క్రీడాకారులను, నూరుమంది పెద్దలను పోల్చి చూచి 1995లో ఫలితాలను ప్రకటించారు. పెద్దలలో అయిదుగురికి మాత్రమే కనిపించిన ఒక లోపం పిల్లలలో 47 మందికి కనిపించింది. దాని పేరు స్పాండిలోలైసిస్. అనగా వెన్నుపూస వెనుక భాగంలోని సన్నని ఎముక వంతెన పగలడం. వారంతా ప్రత్యేక వైద్యశాలకు వచ్చినవారు కనుక మన ఆటస్థలాలలోని పిల్లలందరికీ ఇదే నిష్పత్తి వర్తిస్తుందని అనరాదు. అయినను ఆ తేడా ఎంతటిదో గమనించండి.

ఈ పగులు ఒక్క దెబ్బతో కలిగేది కాదు. ఇనుప తీగను ఒకే చోట అటూ ఇటూ పదే పదే వంచితే ఏమవుతుందో మనకు తెలుసును. నడుమును వెనుకకు విరిచి, అదే క్షణంలో ప్రక్కకు మెలితిప్పే ప్రతి ఆటలోను ఆ సన్నని ఎముకపై అటువంటి ఒత్తిడియే పడుతుంది. నడుములోని అయిదు పూసలలో అన్నింటికంటె క్రిందిది, అనగా అయిదవది, తరచుగా దీనికి గురియవుతుంది. వాలీబాల్‌లో ఎగిరి బంతిని కొట్టేవారు, జిమ్నాస్టిక్స్ చేసేవారు, బరువులెత్తేవారు దీని బారిన పడుతుంటారు. అందరికంటె ఎక్కువగా బాధపడేవారు క్రికెట్‌లోని ఫాస్టు బౌలర్లు. కుడిచేతితో బంతి వేసేవానికి పగులు సాధారణంగా ఎడమ ప్రక్కన వస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన డెన్నిస్ లిల్లీ 1973లో వెన్నెముక పగుళ్లతో చాలాకాలం ఆటకు దూరమయ్యాడు. మన జస్‌ప్రీత్ బుమ్రాకు 2019లో నడుము ఎముక పగిలింది. తరువాత మరల వెన్ను బాధ వచ్చి 2023లో న్యూజీలాండులో శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చింది. అంతటివారికే తప్పని బాధ, చెప్పులైనా లేకుండా గట్టినేలపై బంతి విసిరే మన పిల్లలకు రాదని ఎట్లనగలం?

ఇక చికిత్స విషయం. నడుము పడితే ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత తన్నించుకోవడం మన పల్లెలలో పాత అలవాటు. మంగలి దుకాణంలో క్షౌరం ముగిశాక మెడను 'టక్'మనిపించుకుని హాయిగా లేచి వచ్చేవారు నేటికీ ఉన్నారు. చేతితో వెన్నుపూసలను సవరించే ఇటువంటి పనికే అమెరికాలో ఒక వైద్యవృత్తి రూపం ఏర్పడింది, అదే కైరోప్రాక్టిక్. గ్రీకు భాషలో చేయి, పని అనే అర్థాలు గల రెండు మాటలనుండి ఆ పేరు పుట్టింది. అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో 1895లో డేనియల్ డేవిడ్ పామర్ దీనిని ప్రారంభించాడు. అతని తొలి రోగి నడుము నొప్పి గలవాడు కాదు. హార్వే లిల్లార్డ్ అనే చెవిటివాడు! నూటికి 95 వ్యాధులకు పూసలు తప్పుకోవడమే కారణమని పామర్ వాదించాడు. ఆ వాదాన్ని శాస్త్రం అంగీకరించలేదు. నేటి కైరోప్రాక్టర్లలో పలువురు కూడ దానిని విడిచి, వెన్ను, మెడ నొప్పులకే తమ పనిని పరిమితం చేసుకున్నారు.

ఆ 'టక్'మనే శబ్దాన్ని విని, తప్పిన ఎముక స్థానానికి వచ్చిందని సంతోషించేవారు చాలామంది. నిజానికి అది ఎముక కదిలిన చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో ఒత్తిడి హఠాత్తుగా తగ్గి, వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడటం వలన వచ్చేది. వేళ్ల మెటికలు విరిచినప్పుడు జరిగేదీ ఇదే. 2015లో కెనడాలోని శాస్త్రజ్ఞులు దీనిని ఎమ్మారై యంత్రంలో చిత్రించి చూపారు.

అట్లని ఈ చికిత్సను కొట్టిపారవేయడం కూడ న్యాయం కాదు. పెద్దలలో దీర్ఘకాలంగా ఉండే సామాన్యమైన నడుము నొప్పికి ఉపయోగించదగిన పద్ధతులలో దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చేర్చింది. అయితే ఆధారాలు బలమైనవి కావని కూడ తెలిపింది. పిల్లల విషయంలో పరిశోధనలు బహు స్వల్పం. అమెరికాలో నడుము నొప్పి గల 185 మంది కౌమార వయస్కులపై జరిగిన ఒక పరీక్ష 2018లో వెలువడింది. వ్యాయామం మాత్రమే చేసినవారికంటె, దానితోపాటు వెన్ను సవరింపు కూడ పొందినవారికి ఏడాది పొడవునా నొప్పి కొంత తక్కువగా ఉన్నది. వ్యాయామం ఇరువర్గాలవారికీ ఉన్నదన్న సంగతి మరువరాదు. సవరింపు దానికి తోడు మాత్రమే.

అసలు చిక్కంతా ఒక్కచోటనే ఉన్నది. నొప్పి కండరానిదో, ఎముకదో తెలియకముందే వెన్నుపై చేయి వేయడం. ఎముక పగిలినచోట బలంగా మెలితిప్పితే మేలు కలుగుతుందని ఆశించడానికి ఆధారం లేదు. కీడు కలిగే అవకాశం ఉన్నది. మన దేశంలో మరొక భయం కూడ కలదు. అది వెన్నెముక క్షయ. క్రమంగా పూసను తొలిచే ఈ వ్యాధి మొదట సాధారణ నడుము నొప్పివలెనే కనబడుతుంది. రాత్రివేళ నిద్రలేపే నొప్పి, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెంటనే వైద్యుని వద్దకు పోవలెను. కాళ్లు తిమ్మిరెక్కి బలహీనమైనా, మూత్రం పట్టు తప్పినా, ఆసుపత్రికి చేరడానికి మరునాటి వరకు ఆగరాదు. పైగా అల్లోపతి, హోమియో వైద్యులకు ఉన్నట్లు కైరోప్రాక్టర్లకు మన దేశంలో ప్రత్యేకమైన చట్టబద్ధ మండలి లేదు. కనుక బోర్డు చూచి నమ్మక, చదువును, అనుభవాన్ని అడిగి తెలుసుకొనడం రోగి హక్కు. ఫిజియోథెరపీని మాత్రం 2021 నాటి చట్టం గుర్తించిన వృత్తులలో చేర్చింది.

ఆడే పిల్లవానికి నడుము నొప్పి రెండు మూడు వారాలు దాటినా, వెనుకకు వంగినప్పుడు అధికమైనా ఎముకల వైద్యునికి చూపవలెను. ఒంటికాలిపై నిలబెట్టి వెనుకకు వంచి చూచే పరీక్ష ఒకటి ఉన్నది గాని, దానితోనే నిర్ధారణ కాదు. మామూలు ఎక్స్‌రేలో తొలిదశ పగులు తరచు కనబడదు. 'ఫిల్ముంలో ఏమీ లేదు' అన్న మాటతో మరల మైదానానికి పరుగెత్తడం ఇందువలననే ప్రమాదకరం. ఎమ్మారై అవసరమా అని వైద్యుని అడగవచ్చును. పగులున్నదని తేలితే సాధారణంగా మూడు నెలలు ఆట ఆపి, పొట్ట, వెన్ను, తొడ వెనుక కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేయవలసి ఉంటుంది. అత్యధికులు శస్త్రచికిత్స లేకుండానే తిరిగి ఆటలోకి వస్తారు. మూడు నెలలు పదహారేండ్లవానికి మూడు యుగాలుగా తోచడం సహజమే!

తిరిగి వచ్చిన తరువాత బౌలరు ఒక్కరోజున పాత వేగాన్ని అందుకొనరాదు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో పిల్లవాని వయస్సును బట్టి ఎన్ని ఓవర్లు వేయవచ్చునో నియమాలున్నవి. మన వేసవి పోటీలలో బాగా బంతి వేసేవాడొక్కడే ఉదయం ఒక జట్టుకు, సాయంత్రం మరొక జట్టుకు అరువు పోవడం చూస్తూనే ఉంటాము. వ్యాయామోపాధ్యాయులు ఒక నోటుపుస్తకంలో ప్రతి బౌలరు వారానికి వేసిన బంతులను లెక్కవ్రాసి, సంఖ్య హఠాత్తుగా పెరిగినవానిని ప్రక్కన కూర్చోబెట్టవచ్చును. దీనికయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం వెల.