సూది పట్టేముందు గడియారం చూడు

సౌదీలోని ఖతీఫ్ చేపల మార్కెట్‌లో హమ్మూర్‌లూ వంజరాలూ తూకం వేసే మన భీమవరం కుర్రాళ్ళు అడుగుతుంటారు: "అన్నా, హ్యాచరీ పని తెలుసు. జన్యువులు ఎక్కించే ల్యాబ్‌లో పనికొస్తానా?" పనికొస్తావు తమ్ముడూ. తల్లి చేపను పిండి గుడ్లు తీయడం, మిల్ట్ (మగచేప వీర్యం) కలపడం వచ్చినవాడికి సగం పని వచ్చినట్టే. మిగతా సగం సూది.

చైనాలో జు జువోయాన్ బృందం 1985లో గోల్డ్‌ఫిష్ గుడ్లలోకి మనిషి ఎదుగుదల హార్మోన్ జన్యువును సూదితోనే ఎక్కించింది. నేర్చుకోడానికి జీబ్రా చేప మేలు. దాని గుడ్డు 28.5 డిగ్రీల దగ్గర, ఫలదీకరణ అయిన ముప్పావుగంటకే ఒక కణం నుంచి రెండవుతుంది. ఆలోపే ఎక్కించాలి. ఆలస్యమైతే జన్యువు చేప ఒంట్లో అక్కడక్కడే పడుతుంది. సమయానికి ఎక్కించినా ఆ బెడద పూర్తిగా పోదు కాబట్టి ఆ చేపల పిల్లల్నీ పెంచి, జన్యువు దిగిందేమో చూస్తారు.

గాజు గొట్టాన్ని వేడిచేసి లాగితే వెంట్రుక కన్నా సన్నటి మొన వస్తుంది. కొన కాస్త విరవాలి. డీఎన్ఏ ద్రావణంలో ఫినాల్ రెడ్ కలుపుతారు, గుడ్డులో ఎర్ర చుక్క కనిపించిందంటే ద్రావణం పడ్డట్టు. చుక్క సుమారు ఒక నానోలీటరు, అంటే లీటరులో వంద కోట్లో వంతు. పెద్దదైతే పిండం చస్తుంది.

మన శీలావతి చేప విషయంలో మదురై కామరాజ్ యూనివర్సిటీలో టి.జె. పాండియన్ బృందం వేరే దారి పట్టింది. వీర్యానికి కరెంటు షాక్ ఇచ్చి జన్యువును లోపలికి పంపి, దాంతో గుడ్లను ఫలదీకరించారు. వాడింది శీలావతి సొంత ఎదుగుదల జన్యువే, అదొక చమత్కారం.

ఇక ఉద్యోగం మాట. ఇది ఫారం పని కాదు, పరిశోధన ల్యాబుల పని. అమెరికా 2015లో తినడానికి అనుమతించిన జన్యుమార్పిడి సాల్మన్ పెంపకాన్నే దాని కంపెనీ 2024లో ఆపేసింది. అందుకని "జీన్ చేపల ఫారంలో వీసా" అనే ఏజెంటుకి డబ్బు కట్టకు. ఇంటికెళ్ళినప్పుడు పీసీఆర్ (జన్యువు ఉందో లేదో చూసే పరీక్ష) నేర్చుకో, సర్టిఫికెట్లు అటెస్ట్ చేయించుకో. ఇకామా (నివాస కార్డు) మీద వృత్తి ఏం రాసుందో చూసుకో.

సాధన మొదలుపెట్టిన రోజు నుంచే ఒక అలవాటు: ప్రతి బ్యాచ్‌లో యాభై గుడ్లు సూది తగలకుండా పక్కన పెట్టు. అవీ చస్తే తప్పు చేతిది కాదు, గుడ్లదో నీళ్ళదో.