ముందు నడిచిన అక్క

నల్లగండ్ల ఒకప్పుడు చిన్న ఊరు. ఊరి పక్కన చెరువు. చుట్టూ పొలాలు. ఇప్పుడు చెరువు ఉంది, పొలాలు లేవు. పొలాల్లో పెద్ద పెద్ద మేడలు లేచాయి. ఆ మేడల్లో ఇంటిపని చేసుకుని బతికే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. క్యాన్సర్‌కు వైద్యం చేసే ఆసుపత్రి కూడా ఇక్కడికి వచ్చింది. కానీ సిగ్గుపడి గడప దాటకపోతే, ఆసుపత్రి ఎంత దగ్గరున్నా ఏం లాభం?

అక్కడ ఒక వాడలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

"అక్కా, ఒక మాట. ఎవరికీ చెప్పకు. రొమ్ములో గట్టిగ ఏదో తగులుతుంది."

"ఎన్ని రోజులాయె?"

"మూడు నెలలు. నొప్పి లేదు. అందుకే ఊకున్న. ఇంట్ల చెప్పాలంటే సిగ్గయితది."

అక్క కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత చెల్లె చేయి పట్టుకుంది.

"నాకూ గట్లనే అయింది చెల్లే. ఆపరేషన్ చేసిన్రు. మందులకు ఎంటికలన్నీ రాలినయ్. మల్ల వచ్చినయ్. చూడు, నీ ముందే కూసున్న కదా! రేపు పొద్దున దవాఖానకు పోదాం. నేను తోడొస్త."

చెల్లె కళ్లు తుడుచుకుంది. సరేనని తల ఊపింది.

అక్క డాక్టరు కాదు. మందు ఇవ్వలేదు. మరి చెల్లెకు ధైర్యం ఎలా వచ్చింది? అదే దారిలో ముందు నడిచిన మనిషి కళ్ల ముందు కనబడింది. అందుకే వచ్చింది.

ఇలా తోడు నిలిచినవాళ్లు నిజంగానే ఉన్నారు.

సినిమా నటి గౌతమి మీకు తెలిసే ఉంటుంది. 1987లో వచ్చిన 'శ్రీనివాస కళ్యాణం'లో ఆమె నటించింది. 35 ఏళ్ల వయసులో తన రొమ్ములో గడ్డ ఉందని ఆమే గమనించింది. దాచుకోలేదు. పరీక్ష చేయించుకుంది. అది క్యాన్సర్ అని తేలింది. వైద్యం చేయించుకుని కోలుకుంది. తర్వాత తన జబ్బు సంగతి నలుగురిలో చెప్పింది. క్యాన్సర్ వచ్చినవాళ్లకు సాయం చేయడానికి 'లైఫ్ అగైన్' అనే సంస్థ పెట్టింది. లైఫ్ అగైన్ అంటే మళ్లీ జీవితం.

హైదరాబాదులో ఉషాలక్ష్మి అనే డాక్టరమ్మ ఉండేది. ఆడవాళ్లకు వైద్యం చేసేది. 2002లో ఆమెకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమె కొడుకు రఘురామ్ కూడా డాక్టరే. 2007లో తల్లి పేరు మీద ఒక సంస్థ పెట్టాడు. ఆ సంస్థ ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు రొమ్ము పరీక్ష నేర్పించింది.

అమెరికాలో టెరీస్ లాసర్ అనే ఆమెకు 1952లో ఈ జబ్బుకు ఆపరేషన్ అయింది. ఇంటికి ఎలా పోవాలి, చేయి ఎలా కదిలించాలి, ఆమెకు చెప్పేవాళ్లు లేరు. కోలుకున్నాక ఆమె తనలాంటి ఆడవాళ్ల మంచం దగ్గరికి వెళ్లి కూర్చునేది. ధైర్యం చెప్పేది. మొదట్లో కొందరు డాక్టర్లు ఆమెను రానివ్వలేదు. ఆమె మానలేదు. తర్వాత ఆ పని చాలా దేశాలకు పాకింది.

తోడు పోయే అక్క చేయాల్సిన పనులు పెద్దవి కావు. చెప్పింది వినాలి. ఆ గుట్టు ఇంకొకరికి చెప్పకూడదు. ఆసుపత్రికి వెంట పోవాలి. కాగితాలు చదివి పెట్టాలి. చదువు నేర్చుకున్న మనం ఈ పని బాగా చేయగలం. కానీ "ఈ ఆకు తిను, ఆ పసరు రాయి" అని చెప్పకూడదు. వైద్యం చెప్పడం డాక్టరు పని.

గుర్తుంచుకోండి

రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ తగిలితే ఆగవద్దు. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా ఆగవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదని ఊరుకోవద్దు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ.

ఇది అంటుజబ్బు కాదు. జబ్బు వచ్చిన ఆమె కంచం, గ్లాసు వేరు పెట్టవద్దు.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. ఆరోగ్యశ్రీ కింద కూడా క్యాన్సర్ వైద్యానికి సాయం దొరుకుతుంది.

మాట్లాడుకోండి

1. చెల్లె మూడు నెలలు ఎందుకు చెప్పలేదు?
2. అక్క మాట చెల్లెకు ఎందుకు ధైర్యం ఇచ్చింది?
3. మీ వాడలో ఇలాంటి కష్టం వస్తే ఎవరు తోడు పోతారు?

రాయండి

"నేను తోడొస్తాను." ఈ మాటను మూడుసార్లు రాయండి. ఇంట్లో పైకి చదివి వినిపించండి.