సీఆర్‌పీ 14 వచ్చింది... మళ్లీ గుండెపోటు వస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాపుకు 58 ఏళ్లు. నిరుడు గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. మందులు తప్పకుండా వేసుకుంటున్నాడు. మొన్న కామారెడ్డిలో పరీక్షలు చేయిస్తే చెడు కొలెస్ట్రాల్ 62 ఉంది గానీ, హెచ్‌ఎస్ సీఆర్‌పీ 14 వచ్చింది. మూడు దాటితే ముప్పు ఎక్కువని రిపోర్టు మీదే ఉంది. అది చూసినప్పటి నుంచి మంచం దిగడం లేదు. అన్నట్టు, పరీక్షకు నాలుగు రోజుల ముందు నాట్లప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది.
- ఒక పాఠకుడు, బీబీపేట

జవాబు: ఏదో గుర్తొచ్చినట్టు చివర్లో రాసిన ఆ ముల్లు మాటే నాకు అన్నింటికంటే ముఖ్యం.

సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రొటీన్. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా గంటల్లో పెరుగుతుంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో దీన్ని మొదట గుర్తించింది న్యుమోనియా రోగుల రక్తంలో. కాలిలో చీమైనా, చిగుళ్ల జబ్బైనా, గుండె రక్తనాళం గోడలో వాపైనా రిపోర్టులో పెరిగేది ఈ ఒక్క అంకే. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. అందుకే 10 దాటిన ఫలితంతో గుండె ముప్పును లెక్కగట్టకూడదు. చీముకు ముందు వైద్యం చేయించండి, షుగరు ఉంటే మరీ ఆలస్యం వద్దు. గాయం మానాక రెండు మూడు వారాలు ఆగి, జ్వరం, దగ్గు లేని రోజు మళ్లీ పరీక్ష చేయించండి. కొలత కూడా చూసుకోండి. డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములన్నా, లీటరుకు 3 అన్నా ఒకటే.

అప్పుడు కూడా 2 కంటే ఎక్కువే ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకున్న చోటికి తెల్ల రక్తకణాలు చేరి, దాని మీది పొరను పలచబరుస్తాయి. పొర చిట్లితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. స్టాటిన్ మాత్రలు వాడుతున్న 31,245 మంది వివరాలను 2023లో విశ్లేషిస్తే, గుండె జబ్బుతో చనిపోయే ముప్పును చెడు కొలెస్ట్రాల్ కంటే సీఆర్‌పీయే బాగా పట్టిచ్చింది. మీ బాపు కొలెస్ట్రాల్ 62 ఉండటం మంచిదే. కానీ కథ అంతటితో అయిపోలేదు.

బాపు బీడీ తాగుతాడా? మీరు రాయలేదు. తాగితే ఈ రోజే మానాలి, ‘తగ్గించాను’ అంటే చాలదు. పళ్ల డాక్టరుకు చిగుళ్లు చూపించండి. షుగరు, నడుము కొలత చూసుకోండి. స్టాటిన్ మాత్ర ఒక్కరోజు కూడా ఆపొద్దు, అది కొలెస్ట్రాల్‌నే కాదు, వాపునూ తగ్గిస్తుంది. ఇక మంచం దిగమనండి. కాలి నొప్పి తగ్గాక, ఆయన్ను చూసే డాక్టరు సరేనంటే రోజూ నడవాలి.

ప్రశ్న: గుండె రక్తనాళాల వాపుకు కొల్చిసిన్ మాత్ర పని చేస్తుందట, అది అడవినాభి దుంపలోనూ ఉంటుందట. వానాకాలం మా చెలకల గట్ల మీద పూస్తుంది. దుంప ఎండబెట్టి పొడి వాడొచ్చా?

జవాబు: వద్దు. ప్రాణం పోతుంది. ఎరుపు, పసుపు మంటల్లా పూసే ఆ తీగ దుంపలో కొల్చిసిన్ ఉన్న మాట నిజమే. ఏ దుంపలో ఎంత ఉందో మాత్రం చూసి చెప్పలేం. గుండె రోగులకు వాడిన మోతాదు రోజుకు అర మిల్లీగ్రామే. గుండెపోటు వచ్చిన 4,745 మందిపై చేసి 2019లో వెలువడిన అధ్యయనంలో ఆ మోతాదు గుండె, రక్తనాళాల ముప్పును 23 శాతం తగ్గించింది. 2024లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో ఆ మేలు కనిపించలేదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికీ, కొన్ని యాంటీబయాటిక్స్ వాడేవారికీ మాత్ర కూడా ప్రమాదమే. గుండె డాక్టరు రాస్తే తప్ప ముట్టుకోవద్దు. దుంప జోలికి అసలే పోవద్దు.

ప్రశ్న: సీఆర్‌పీ ఒకటి లోపే ఉంది. ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకోవచ్చా?

జవాబు: అనుకోవద్దు. సీఆర్‌పీ చెప్పేది రానున్న ఏళ్ల ముప్పు గురించి. ఇప్పుడు గుండెపోటు వచ్చిందో లేదో తేల్చేవి ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్షలు. ఛాతీ పట్టేసినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా తెల్లారే దాకా చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.