ఒకే ఇంట్లో రెండు ప్రార్థనలు

అమ్మా,

మాది కోడూరు దగ్గర చిన్న పల్లె. దివిసీమలో ఆ చివరికి వస్తే ఇంక సముద్రమే. నేను పదకొండేళ్ళుగా టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది గుడివాడ. బందరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు పరిచయం. మేం క్రైస్తవులం, వాళ్ళు హిందువులు. పెళ్ళప్పుడు రెండువైపులా గొడవలయ్యాయి. పిల్లలు పుట్టాక సర్దుకున్నాయి. సర్దుకున్నాయంటే మాటలు కలిశాయి, అంతే. పాపకు ఏడేళ్ళు, బాబుకు మూడు. ఇద్దరూ అక్కడే పుట్టారు.

పోయిన నవంబరులో నాన్న పోయారు. కబురు తెలియగానే ఒక్కణ్ణే బయల్దేరి వచ్చాను. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో దాటింది, కొత్తది పడితేగాని తిరిగి వెళ్ళలేను. డిసెంబరు మూడోవారంలో ఇంటర్వ్యూ దొరికింది. అదృష్టం అనుకున్నాం. ఇంతలో తేదీ మార్చికి మారిందని మెయిల్. మార్చి దగ్గరపడేసరికి ఇంకో మెయిల్, ఇంకా వెనక్కి.

కంపెనీవాళ్ళు ప్రస్తుతానికి ఇక్కణ్ణుంచి పని చెయ్యనిస్తున్నారు. రాత్రంతా మేడమీద గదిలో కూర్చుంటాను. అక్కడ నా భార్య ఆఫీసు, స్కూలు, వంట, బిల్లులు అన్నీ ఒక్కతే చూసుకుంటోంది. మొన్న బాబుకు జ్వరం వచ్చిందని ఫోన్ చేసింది. "ప్రార్థన చేస్తున్నాను, ప్రభువు చూసుకుంటాడు" అన్నాను. "నూట మూడుంది. ఆ మాట ఇంకోసారి అనకు" అని పెట్టేసింది. రెండు రోజులు మాట్లాడలేదు.

మా అయ్యగారు ఆదివారం ఆరాధనలో నా తలమీద చెయ్యిపెట్టి, ఈస్టర్ పండగ లోపల విమానం ఎక్కుతావని సంఘం అందరిముందూ ప్రకటించారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ తర్వాత వారమే ఒకాయన లేచి, మూడు రోజుల ఉపవాస ప్రార్థనతో తన కూతురికి వీసా వచ్చిందని సాక్ష్యం చెప్పాడు. నేను తల దించుకుని కూర్చున్నాను. నా విశ్వాసంలోనే లోపముందా?

అసలు సంగతి ఇంకోటుంది. ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు పని ముగించి మంచినీళ్ళకని కిందికి దిగాను. అమ్మ మంచం పక్కన మోకాళ్ళమీద ఉంది. "ప్రభువా, పెద్దాయన్ని తీసుకున్నావు. వీణ్ణి ఇంకొన్నాళ్ళు నా దగ్గరుంచు తండ్రీ" అంటోంది. నేను మెట్లమీదే నిలబడిపోయాను. అప్పటిదాకా నేను పైగదిలో పంపమని అడుగుతున్నాను, ఆవిడ కింద ఉంచమని అడుగుతోంది! కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడకు పద్నాలుగేళ్ళప్పుడు ఉప్పెన వచ్చింది. తాటిచెట్టు పట్టుకుని బతికింది. తమ్ముడూ చెల్లెలూ దొరకలేదు.

మా పాప నిద్రపోయే ముందు నాతో వీడియోలో ప్రార్థన చేసేది. ఇప్పుడు చెయ్యనంటోంది. దేవుడు వినడంలేదట. దానికేం చెప్పను? మా అత్తగారు మోపిదేవి గుడిలో మొక్కుకున్నారట. విజయవాడలో ఒకతను డబ్బిస్తే ముందు తేదీ ఇప్పిస్తానంటున్నాడు. ఇవ్వనా? దేవుడి మీద కోపం రావడం పాపమా? అమ్మను అడిగెయ్యనా?

— ఒక కొడుకు, దివిసీమ

* * *

బాబూ,

ముందు నాన్నగారి సంగతి. ఉత్తరం నిండా వీసా ఉంది, ఆయన గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆయన కోసం ఏడవడానికైనా మీకు తీరిక దొరికినట్టు లేదు. మీ కోపంలో కొంత భాగం అదేనేమో చూసుకోండి.

విశ్వాసంలో లోపం మాట. మీ తేదీ ఎందుకు జరిగిందో మీకూ తెలుసు, అయినా నా నోట వినండి. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో పాస్‌పోర్టు ఇచ్చే సౌకర్యం హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్ళకు పోయింది. అదే నెల 6 నుంచి సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో తప్ప మరోచోట స్టాంపింగ్‌కు వెళ్ళొద్దన్నారు, దాంతో అమెరికా నుంచి మెక్సికో వెళ్ళి స్టాంపింగ్ చేయించుకొచ్చే దారీ మూసుకుపోయింది. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వాళ్ళ, వాళ్ళమీద ఆధారపడిన హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలన్నీ చూడాలన్నారు. జనం ఎక్కువయ్యారు, రోజుకు చూసే ఇంటర్వ్యూలు తగ్గాయి. మన దేశంలో ఆ నెల తేదీలున్న ఎంతోమంది మీలాగే ఇరుక్కున్నారు. వాళ్ళలో చిలుకూరు బాలాజీకి నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్నవాళ్ళున్నారు, ఏ దేవుడికీ దణ్ణం పెట్టనివాళ్ళున్నారు. వీళ్ళందరి విశ్వాసం ఒక్క వారంలో తగ్గిపోయిందంటారా? సాక్ష్యం చెప్పినాయన సంతోషాన్ని ఆయనకు వదిలెయ్యండి. దాన్ని మీ పరీక్షపేపరుకు మార్కులుగా దిద్దుకోకండి.

ఇక మీ అయ్యగారు. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. నేను చర్చికి వెళ్ళేదాన్ని కాదుగాని బందరులో చదువుకున్నదాన్ని. క్రైస్తవ స్నేహితులు ఉన్నారు, బైబిలు చదివాను. మీవాళ్ళ ఇళ్ళల్లో గోడ క్యాలెండరు మీద తరచుగా కనిపించే వాక్యమొకటుంది, యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. మంచి రోజులు రాబోతున్నాయన్న వాగ్దానం. అయితే దానికి ముందు వచనం ఎప్పుడైనా చదివారా? ఆ అధ్యాయం బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఊరికి దూరమైపోయిన కుటుంబాలకు రాసింది. తిరిగి రావడానికి డెబ్భై ఏళ్ళు పడుతుందని అందులో ఉంది. అందాకా ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఊరి మేలు కోరండి అని రాశాడు.

దానికి ముందు అధ్యాయం ఇంకా బాగుంటుంది. హనన్యా అనే ఇంకో ప్రవక్త గుడిలో అందరిముందూ నిలబడి, రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తారని ప్రకటించాడు. జనానికి కావలసిన మాట అదే. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? ముందు ఆమెన్ అన్నాడు. అలాగే జరిగితే ఎంత బాగుండునన్నాడు. ఆ తర్వాతే అలా జరగదని చెప్పాడు. మీ అయ్యగారి మాటకు మీరూ ఆమెన్ అనండి, తప్పులేదు. ఈస్టరుకు టికెట్టు మాత్రం కొనకండి. దేవుణ్ణి నమ్మడం వేరు, దేవుడి పేరుమీద ఎవరో వేసిన తేదీని నమ్మడం వేరు. పండగ వెళ్ళిపోయి మీరిక్కడే ఉంటే మీ నమ్మకానికి దెబ్బ తగలకూడదు. ఆ తేదీ వేసింది అయ్యగారు.

కోపం పాపమా అన్నారు. భద్రాచలం రామదాసు గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముణ్ణి ఎన్ని మాటలన్నాడో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. నగలకైన ఖర్చు లెక్కలతో సహా ఎత్తిపొడిచాడు, ఆనక ఏమీ అనుకోవద్దని బతిమాలుకున్నాడు. మనం ఆయన్ని భక్తుల్లో పెట్టుకున్నాం. మీ పుస్తకంలో చూస్తే 88వ కీర్తన మొదటినుంచి చివరిదాకా మొరే. ఆఖరున ఓదార్పు కూడా ఉండదు, చీకటిలోనే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసి అవతల పెట్టలేదు. మీ పాపకు ఇదే చెప్పండి. "నాన్నకీ అలాగే అనిపిస్తోందమ్మా, నేనూ అదే అడుగుతున్నాను" అనండి. ప్రార్థన చెయ్యమని బలవంతపెట్టకండి. ఆ పూట కథ చెప్పండి, లెక్కలు చేయించండి. కెమెరా అలా పెట్టేసి అది బొమ్మ గీసుకుంటుంటే మీరు చూస్తూ కూర్చున్నా సరే.

మీ భార్యతో మీరన్న మాట నాకు నచ్చలేదు. ప్రార్థన చెయ్యడం తప్పని కాదు. ఆవిడ జ్వరం సంగతి చెబితే మీరు ప్రభువు చూసుకుంటాడన్నారు. చూసుకుంటున్నది ఆవిడ. రాత్రంతా మేలుకుని తడిగుడ్డ వేసింది ఆవిడ. మీ నమ్మకం మీకు ఆసరా కావచ్చు, ఆవిడ అడిగినదానికి జవాబు కాలేదు. మందు ఎన్నింటికి వేశావు, రేపు సెలవు పెట్టగలవా, బిల్లులు ఇక్కణ్ణుంచి నేను కట్టెయ్యనా అని అడగండి. స్కూలు మెయిళ్ళు, ఇన్సూరెన్సువాళ్ళతో ఫోన్లు, మెకానిక్‌తో బేరం ఇవన్నీ కోడూరులో కూర్చుని చెయ్యవచ్చు. ఎలాగూ రాత్రంతా మేలుకునే ఉంటున్నారు కదా.

దళారీకి ఒక్క రూపాయి ఇవ్వకండి. 2025 మార్చిలో బాట్ సాఫ్ట్‌వేర్లు వాడి పట్టిన దాదాపు రెండువేల అపాయింట్‌మెంట్లను అమెరికా రాయబార కార్యాలయం ఒక్కసారిగా రద్దు చేసి, ఆ ఖాతాలకు బుకింగ్ సౌకర్యం నిలిపేసింది. ఉన్న తేదీ కూడా పోగొట్టుకుంటారు. అత్యవసర అపాయింట్‌మెంటుకు అర్జీ పెట్టుకునే దారి అధికారికంగానే ఉంది. కంపెనీ లేఖ, పిల్లల సంగతి జతచేసి అడగండి. రాకపోనూవచ్చు. అంతకంటే ముఖ్యమైనది ఒకటి లాయర్ని ఇప్పుడే అడగండి. మీ భార్య హెచ్-4 మీద ఉంటే ఆవిడ స్టేటస్ మీ ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఇక్కణ్ణుంచి పని చెయ్యడానికి కంపెనీ ఎప్పటిదాకా ఒప్పుకుంటుంది, ఉద్యోగం పోతే ఆవిడకు ఎన్నాళ్ళు గడువు? ఈ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకుని ఇద్దరూ కలిసి చదువుకోండి. విసిగిపోయి ఆవిడే పిల్లలతో వచ్చేస్తానంటే తొందరపడనివ్వకండి. పిల్లలు అమెరికా పాస్‌పోర్టుతో తిరిగి వెళ్ళగలరు. ఆవిడకు స్టాంపింగ్ లేకపోతే ఆవిడా ఇదే వరుసలో నిలబడాలి.

అమ్మగారి ప్రార్థన. మీరు ఆవిణ్ణి అడక్కండి. అది మీకు చెప్పిన మాట కాదు. 1977 నవంబరు 19 రాత్రి మీ సీమలో సముద్రం ఇళ్ళమీదికి వచ్చింది, వేలమంది పోయారు. పద్నాలుగేళ్ళ పిల్ల తమ్ముణ్ణీ చెల్లెల్నీ వదులుకుంది. మళ్ళీ ఒక నవంబరులో భర్త పోయాడు. ఆవిడ ఉంచమని అడగకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని. రెండు ప్రార్థనలు ఢీకొంటాయేమో, అమ్మది గెలుస్తుందేమో అని మీకు భయం. కాన్సులేట్ తేదీలు ఆవిడ మోకాళ్ళకు కట్టి లేవు, నా మాట నమ్మండి.

ఆవిడకేం భయమో కూడా ఆలోచించండి. మీరు వెళ్ళాక ఇల్లెలా నడుస్తుందో ఆవిడకు ఎవరైనా చెప్పారా? చెరువు కౌలు ఎవరు చూస్తారు, నాన్నగారి పేరున ఉన్న బ్యాంకు ఖాతా ఏమవుతుంది, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వచ్చిందా, బీపీ బిళ్ళలు బందరునుంచి ఎవరు తెస్తారు? మీ ఇంట చెరువుందో లేదో నాకు తెలియదు, దివిసీమ కనుక అన్నాను. ఏదో ఒకటి ఉండే ఉంటుంది. యిర్మీయా ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి అన్నదాన్ని నేను ఇలాగే అర్థం చేసుకుంటాను. వెళ్ళేరోజు ఎప్పుడో తెలియదు కాబట్టే ఈ పనులు ఇప్పుడు మొదలుపెట్టాలి. సాయంత్రాలు అమ్మను, కోడలిని నేరుగా మాట్లాడుకోనివ్వండి. మీరు మధ్యలో ఉండకండి. మనవడికి నూట మూడు జ్వరం వచ్చిన సంగతి కోడలి నోట వింటే ఆవిడ తెల్లవారుజామున ఏమడుగుతారో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

చివరిగా, మీరు దేవుణ్ణి, దళారీని, నన్నూ అడిగారు. అత్తగారిని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. పిల్లల కాన్పులకు ఆవిడ అమెరికా వచ్చి ఉంటే విజిటర్ వీసా ఉంటుంది. అది మామూలుగా పదేళ్ళకు ఇస్తారు. ఇంకా గడువుందేమో పాస్‌పోర్టు తీసి చూడమనండి. ఉంటే ఆవిడ వెళ్ళి, సాధారణంగా ఇచ్చే ఆరు నెలలూ కూతురి దగ్గర ఉండి రావచ్చు. పెళ్ళినాటి మాటలు గుర్తొచ్చి మీకు నామోషీగా ఉంటుందని ఊహించగలను. అయినా వెళ్ళండి, ఫోన్లో వద్దు. గుడివాడ వెళ్ళి, వాళ్ళింట్లో భోంచేసి, మీరే నోరు తెరిచి అడగండి. ప్రయాణానికి ముందు ఒకసారి మోపిదేవి వెళ్ళొస్తానని ఆవిడ అంటే, కోడూరు దారే కాబట్టి కారు మీరే తీయండి. గుడికి వెళ్ళినందుకు మీ అయ్యగారు ఏమైనా అంటే, ఆయనతో నేను మాట్లాడమన్నా మాట్లాడతాను.